ఇప్పనూనెకు మొరాకో చుట్టం

పెళ్లిళ్ల సీజన్‌లో సాయంత్రం ఆరు దాటాక చంపాపేట్ నుంచి కర్మన్‌ఘాట్ వైపు వెళ్లాలంటే ఓపిక కావాలి. వరసగా ఫంక్షన్ హాళ్లు, వాటి ముందు బారాత్‌లు, డీజే బండ్లు, రోడ్డు మధ్యకొచ్చి చిందులేసే కుర్రాళ్లు. హాళ్లున్నచోట వాటి మీద బతికేవాళ్లూ ఉంటారు: పూలు కట్టేవాళ్లు, డెకరేషన్ వాళ్లు, మెహందీ పెట్టేవాళ్లు, బ్యూటీ పార్లర్ల వాళ్లు. బ్రైడల్ ప్యాకేజీలో ఏమేం వస్తాయని అడిగితే ఆ పార్లర్లలో ఈ మధ్య తరచుగా వినిపించే పేరు ఆర్గాన్. ఆర్గాన్ హెయిర్ స్పా, ఆర్గాన్ ఫేస్ ఆయిల్, జడ వేసే ముందు మెరుపు కోసం ఆర్గాన్ సీరమ్. పొద్దున ఇంట్లో నువ్వుల నూనె, సున్నిపిండితో నలుగు పెట్టించుకున్న పెళ్లికూతురే మధ్యాహ్నానికి పార్లర్‌లో మొరాకో నూనె రాయించుకుంటుంది. రెంటికీ తగువేమీ లేదు.

అదే దారిలో హనుమంతుడి గుడికి వెళ్లేవాళ్ల కోసం పూజ సామాన్ల కొట్లున్నాయి. వాటిల్లో పంచదీప నూనె అని ఒకటి అమ్ముతారు. నువ్వులు, కొబ్బరి, ఆముదం, వేప, ఇప్ప నూనెలు కలిపామని సీసా మీద రాసి ఉంటుంది. అడిగితే కొందరు ఇప్పనూనె విడిగా కూడా ఇస్తారు. ఆర్గాన్ 30 మిల్లీలీటర్ల చిన్న సీసాకే వందల్లో పెట్టాలి. ఇప్పనూనెకు అంత ఖర్చు లేదు, ఎందుకంటే అది ప్రమిదలో కాలిపోయేదే కదా అని అందరి లెక్క. ఒకదాన్ని మొహానికి రాసుకుంటున్నాం, ఇంకోదాన్ని వత్తికి పోస్తున్నాం. తమాషా ఏమిటంటే ఆ రెండు నూనెలూ ఒకే కుటుంబపు చెట్లవి.

వృక్షశాస్త్రంలో ఆ కుటుంబం పేరు సపోటేసీ. అంటే ఇంటి పెద్ద మన సపోటానే. తోపుడు బండి మీద కొన్న సపోటా తిని గింజ పారేసే ముందు ఒకసారి వేళ్ల మధ్య తిప్పి చూడండి. నల్లగా, నున్నగా, వార్నిష్ కొట్టినట్టు మెరుస్తుంది. ఒక అంచున మాత్రం మెరుపు లేని పాలిపోయిన మచ్చ పొడుగ్గా ఉంటుంది, గింజ కండకు అతుక్కుని ఉన్న చోటు అది. ఇప్ప గింజదీ ఇదే వాలకం. రంగు కాస్త గోధుమ, ఆకారం కాస్త సన్నం, తొక్క మరీ పలుచన. పశ్చిమ ఆఫ్రికా ఆడవాళ్లు వెన్న తీసే షియా గింజా ఈ ఇంటిదే. ఇవాళ కాస్మెటిక్స్ లోకంలో బాగా పేరు మోసిన ఆర్గాన్, షియా రెండూ ఈ ఒక్క కుటుంబం నుంచే వెళ్లాయి. మూడోది ఆదిలాబాద్ అడవుల్లో ఉండిపోయింది.

ఎందుకు ఉండిపోయిందో తెలుసుకోవాలంటే ముందు మొరాకో వెళ్లి రావాలి.

ఆ దేశానికి నైరుతి మూలన, అగాదిర్, ఎస్సవీరా పట్టణాల చుట్టుపక్కల, సూస్ మైదానంలో ఆర్గాన్ చెట్లు పెరుగుతాయి. అడవి అంటారు గానీ చూస్తే మనకు అడవిలా కనిపించదు. ఎర్ర నేల, రాళ్లు, దూరం దూరంగా గుబురుగా ముళ్ల చెట్లు. ఆ అడవి 8 లక్షల హెక్టార్ల పైచిలుకు. చెట్టు నూటయాభై, రెండు వందల ఏళ్లు బతుకుతుంది. లోతుకు దిగే వేళ్లతో సహారా ఇసుకను అడ్డుకునేది అదే. చెట్టెక్కి కాయలు తినే మేకల ఫోటోలు మీరూ చూసే ఉంటారు. మేకలు ఎక్కే మాట నిజమే. కాకపోతే రోడ్డు పక్కన టూరిస్టుల కోసం మేకల్ని పట్టుకొచ్చి కొమ్మల మీద నిలబెట్టి డబ్బులడిగే వ్యాపారం కూడా నిజమే.

కాయ ఆలివ్ కంటే కాస్త పెద్దది. ఎండి రాలిపోయాక ఏరతారు. పై కండ ఒలిచేస్తే లోపల రాయిలాంటి టెంక. ఇక అక్కడి నుంచి పని ఆడవాళ్లది, అందులోనూ అమజీగ్ తెగల ఆడవాళ్లది. నేల మీద కాళ్లు చాపుకుని కూర్చుంటారు. ఎదురుగా ఒక బల్లపరుపు రాయి. ఎడమచేతి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య టెంకను నిలువుగా పట్టుకుని, కుడిచేతిలోని పొడవాటి రాయితో ఒక దెబ్బ. దెబ్బ తప్పితే వేలు చితుకుతుంది. లోపల ఒకటి నుంచి మూడు పప్పులు. రోజంతా కొడితే కిలో, మహా అయితే కిలోన్నర పప్పు వస్తుంది. మొహానికి రాసుకునే నూనె కావాలంటే పప్పును పచ్చిగానే ఆడతారు, తినే నూనె కావాలంటే దోరగా వేయిస్తారు. ఆ తర్వాత తిరగలి. విసిరిన ముద్దలో గోరువెచ్చటి నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ పిసుకుతూ పోతే నూనె తేలుతుంది. లీటరు నూనెకు దాదాపు 30 కిలోల కాయలు. ఇప్పుడు విసరడానికి, పిండడానికి యంత్రాలు వచ్చాయి. టెంక కొట్టడం మాత్రం నేటికీ చాలావరకు చేతిపనే.

ఇంత శ్రమ గల నూనె కాబట్టి ఎప్పటి నుంచో విలువైనదే అనుకుంటాం. అదేం కాదు. 1990ల దాకా అది ఆ పల్లెల వంటనూనె. బాదం, తేనె కలిపి నూరిన అమ్లూ అనే ముద్దలో రొట్టె అద్దుకు తినేవారు, చలికాలం చర్మం పగిలితే రాసుకునేవారు, మిగిలితే సంతలో అమ్మేవారు. సరిగ్గా మన ఇప్పనూనె బతుకే.

ఇటు ఉట్నూరు, జైనూరు, ఆసిఫాబాద్ వైపు వద్దాం. గోండు, కోలాం గూడేల్లో మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇప్పపూలు తెల్లవారుజామున రాలతాయి. పూల సంగతి అందరికీ తెలుసు. పట్నంలో ఇప్ప అనగానే సారా అంటారు, ఆ మాటతోనే సంభాషణ ముగిసిపోతుంది. పూలు అయిపోయాక కాయలు ముదిరి, జూన్, జూలైలో పండి రాలతాయి. వాటి గింజలు ఏరి, తొక్క పగలగొట్టి, పప్పును రెండు బద్దలుగా విడదీసి ఎండబెడతారు. ఆర్గాన్ టెంకలాగా దీనికి బలప్రదర్శన అక్కర్లేదు, చిన్న రాయితో నొక్కితే తొక్క విచ్చుకుంటుంది. పూర్వం బద్దల్ని రోట్లో దంచి, ఆవిరి పట్టి, రెండు దుంగల మధ్య నొక్కి నూనె దించేవారు. తర్వాత గానుగలు, ఎక్స్‌పెల్లర్లు వచ్చాయి. పప్పులో దాదాపు సగం నూనే. తొక్కతో కలిపిన గింజ లెక్కన చూస్తే మూడు, నాలుగు కిలోలకు కిలో నూనె వస్తుంది. ఆర్గాన్‌తో పోలిస్తే ఇది చాలా చవక పని.

తాజా ఇప్పనూనె లేత పసుపు రంగులో ఉంటుంది. డిసెంబరు ఉదయం సీసా తెరిస్తే కారదు, సగం గడ్డకట్టి ఉంటుంది. వేలితో తీసి అరచేతిలో రుద్దితే ఒంటి వేడికే కరిగిపోతుంది. వాసన మాత్రం ఘాటు. అలవాటు లేని ముక్కుకు నచ్చదు, దాచిపెట్టి లాభం లేదు. గూడేల్లో దీంతో వండుకున్నారు, దీపం పెట్టుకున్నారు, పగిలిన పాదాలకు రాసుకున్నారు, కీళ్ల నొప్పులకు మర్దన చేసుకున్నారు. నూనె పిండగా మిగిలిన పిండిలో సపోనిన్‌లు ఉంటాయి. అవి నీళ్లలో నురుగు తెస్తాయి కాబట్టి దక్షిణాదిలో ఆ పిండితో తల రుద్దుకునే అలవాటుండేది. అదే పిండిని చెరువులో చల్లితే చేపలు మత్తెక్కి తేలతాయి. ఒకే పదార్థం తలకు మంచిది, చేపకు విషం. చెట్టు నుంచి వచ్చింది కాబట్టి అంతా మేలే అనుకునేవాళ్లు ఈ ముక్క గుర్తుపెట్టుకుంటే చాలు.

అసలు ఈ నూనెలు చర్మానికి చేసేదేమిటి? మన చర్మం పైపొరలో చచ్చిన కణాలుంటాయి, వాటి మధ్య కొవ్వు పదార్థం ఉంటుంది. ఆ కొవ్వు తగ్గితే లోపలి తేమ ఆవిరైపోతుంది, చర్మం గరుకెక్కుతుంది, దురద పెడుతుంది. నూనె రాస్తే ఆ ఆవిరి పోవడం తగ్గుతుంది. ఏ నూనె అయినా చేసే మొదటి పని ఇదే. ఇక తేడా అంతా నూనెలోని కొవ్వు ఆమ్లాల పాళ్లలో ఉంటుంది. ఆర్గాన్‌లో ఓలియిక్ ఆమ్లం 43 నుంచి 49 శాతం, లినోలియిక్ 29 నుంచి 36 శాతం, దానికి తోడు విటమిన్-ఇ కుటుంబానికి చెందిన టోకోఫెరాల్‌లు. ఇప్పలో ఓలియిక్ దాదాపు అంతే, 40 నుంచి 50 శాతం మధ్య. లినోలియిక్ మాత్రం పది, పన్నెండు శాతం దగ్గర ఆగిపోతుంది. ఆ మిగిలిన చోటును పామిటిక్, స్టియరిక్ ఆమ్లాలు నింపుతాయి. గడ్డకట్టే గుణం వాటి వల్లే. షియా వెన్నలో స్టియరిక్ ఇంకా ఎక్కువ. అంటే ఇప్ప, ఆర్గాన్‌కూ షియాకూ నడుమ నిలబడ్డ నూనె. మొహానికి పలుచగా రాసుకునే పనికి ఆర్గాన్ మేలు. మడమలు, మోచేతులు, చలికి చిట్లే పెదాలు, సబ్బు, లిప్ బామ్ లాంటి వాటికి ఇప్పే మేలని నా అభిప్రాయం. చలికాలం మడమ పగుళ్లకు వేల రూపాయల క్రీము అక్కర్లేదు.

లినోలియిక్ ఆమ్లం గురించి ఇంకో మాట. చర్మపు రక్షణ పొర కట్టుకోవడానికి శరీరానికి కావలసింది ఇదే. ఢాకాలోని శిశు ఆసుపత్రిలో నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు పొద్దుతిరుగుడు నూనె మర్దన చేసి చూశారు. ఆస్పత్రిలో సోకే ఇన్‌ఫెక్షన్లు ఆ పిల్లల్లో 41 శాతం తగ్గాయని 2005లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. పొద్దుతిరుగుడు నూనెలో లినోలియిక్ ఆర్గాన్ కంటే ఎక్కువ. అది మన ప్రతి వంటింట్లోనూ ఉన్న నూనె. దాన్ని ఎవరూ స్పా జాబితాలో పెట్టరు. (అలాగని నెలలు నిండని బిడ్డకు ఇంట్లో ఎవరికి వారు ప్రయోగాలు చేయకూడదు. అక్కడ చేసింది డాక్టర్ల కనుసన్నల్లో.)

ఆర్గాన్ మీదా పరీక్షలు జరిగాయి. మొరాకోలోనే ముట్లాగిన 60 మంది ఆడవాళ్ల చేత 60 రోజులు వాడించి చూస్తే చర్మం సాగే గుణం మెరుగైందని 2015లో ఒక పత్రం వెలువడింది. ఉపయోగపడే ఫలితమే, కానీ చిన్న పరీక్ష. ముడతలు మాయం, పదేళ్లు తగ్గిన వయసు అని డబ్బా మీద రాసుకోవడానికి అది చాలదు. ఇప్ప మీద మొహానికి సంబంధించి అలాంటి పరీక్షలు చెప్పుకోదగ్గట్టు జరగలేదు. మనకు నచ్చిన నూనె మీద మనమే పరీక్ష చేయించుకోవాలి, ఎదుటివాళ్ల ఫలితాలు అరువు తెచ్చుకుంటే కుదరదు.

జుట్టు విషయంలో ఇంకా స్పష్టత ఉంది. ముంబయిలో మారికో సంస్థ పరిశోధకులు 2003లో కొబ్బరి, పొద్దుతిరుగుడు, మినరల్ నూనెలను పోల్చారు. కొబ్బరినూనెలోని లారిక్ ఆమ్లం వెంట్రుక లోపలికి వెళ్లి, ప్రోటీన్ పోకుండా ఆపుతుందని, మిగతా రెండూ ఆ పని చేయలేదని తేల్చారు. కొబ్బరినూనె అమ్మే సంస్థ చేసిన పరీక్షేనన్నది మనసులో పెట్టుకుని చదవాలి గానీ తర్కం బలంగానే ఉంది. ఆర్గాన్‌లోనూ ఇప్పలోనూ చెప్పుకోదగ్గ లారిక్ లేదు. అవి వెంట్రుక మీద పూత పూస్తాయి, చిక్కు తగ్గిస్తాయి, మెరుపిస్తాయి. మెరుపు సంగతి కొస్తే సీరమ్ సీసా వెనక్కి తిప్పి చూడాలి. పదార్థాలను పాళ్ల వరసలో, ఎక్కువ నుంచి తక్కువకు రాస్తారు. చాలా సీరమ్‌ల మీద మొదట సైక్లోపెంటాసిలోక్సేన్, డైమెథికోన్ అని కనిపిస్తాయి, అవి సిలికోన్‌లు. ఆర్గానియా స్పైనోసా కెర్నల్ ఆయిల్ అనే పేరు వెతికితే కింద ఎక్కడో సెంటు పక్కన ఉంటుంది. మెరిసేది సిలికోన్, ధర పలికేది ఆర్గాన్.

గింజనూనె అన్న మాట వినగానే ముచ్చటపడేవాళ్లకు సీతాఫలం కథ చెప్పాలి. పాలమూరు సీతాఫలాలు దసరా వేళకు దిల్‌సుఖ్‌నగర్ రోడ్ల మీద గంపల్లో దిగుతాయి. పండు అమృతం. గింజల్ని నూరి నూనెలో కలిపి పేల మందుగా తలకు పట్టించడం మన పల్లెల్లో పాత అలవాటు. పేలు చస్తాయి కూడా, ఆ గింజలో పురుగుల్ని చంపే అసిటోజెనిన్‌లు ఉన్నాయి మరి. ఆ పొడి పిసరంత కంట్లో పడితే నల్లగుడ్డు పైపొర దెబ్బతిని, భరించలేని నొప్పితో ఆస్పత్రికి పరిగెత్తినవాళ్ల ఉదంతాలు కంటి డాక్టర్ల పత్రికల్లో చాలా ఉన్నాయి. అదీ పండే, అదీ గింజే, అదీ సహజమే.

మళ్లీ మొరాకో. అక్కడ వంటనూనె మొహానికెక్కడానికి కారణం ఒక కెమిస్ట్రీ ప్రొఫెసర్. రబాత్‌లోని ఐదో మహమ్మద్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన జుబైదా షరూఫ్ ఆర్గాన్ నూనెలో ఏముందో ఏళ్ల తరబడి పరీక్షించారు. నూనెకు ధర వస్తేనే ఊరివాళ్లు చెట్టును నరక్కుండా ఉంటారన్నది ఆమె లెక్క. 1996లో తమనార్ అనే ఊళ్లో ఆడవాళ్లతో అమల్ అనే సహకార సంఘం పెట్టించారు. భర్త పోయినవాళ్లు, విడాకులైనవాళ్లు ముందుగా చేరారు. ఇంటి మగవాళ్లు ఆడవాళ్లను పంపడానికి ఒప్పుకోని రోజులవి. 1998లో యునెస్కో ఆ ప్రాంతాన్ని జీవావరణ రక్షిత ప్రాంతంగా గుర్తించింది. 2014లో ఆర్గాన్ పనితనం మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాకెక్కింది. నూనె పేరుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2021లో ఐక్యరాజ్యసమితి మే 10ని ఆర్గాన్ దినంగా ప్రకటించింది. సంఘాలు వందల్లోకి పెరిగాయి. ఒక చెట్టుకు ఇంతమంది పూనుకోవడం చూస్తే అసూయ కలుగుతుంది. మనం వేప విషయంలో పోరాడగలిగాం. వేపనూనె మీద అమెరికా వ్యవసాయ శాఖకూ డబ్ల్యూ.ఆర్. గ్రేస్ కంపెనీకీ ఐరోపాలో ఇచ్చిన పేటెంటును 2000లో రద్దు చేయించాం, 2005లో అది ఖాయమైంది. పరాయివాడు లాక్కుంటుంటే ఆపడం వచ్చు. మన సరుకును మనమే పైకెత్తుకోవడం దగ్గరే తడబడతాం.

అయితే మొరాకో కథలో రెండో సగం ఉంది, పార్లర్ ప్రకటనల్లో అది రాదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన ట్రావిస్ లిబ్బర్ట్ బృందం ఆర్గాన్ పల్లెల్లో ఏళ్లపాటు ఇంటింటి లెక్కలు తీసి 2011లో ఒక పత్రం ప్రచురించింది. నూనెకు గిరాకీ పెరిగాక ఆడపిల్లలు ప్రాథమిక బడి దాటి పై చదువులకు వెళ్లడం పెరిగింది. అది నిజమైన మేలు. చేతిలో మిగిలిన డబ్బుతో ఊరివాళ్లు ఏం కొన్నారు? మేకల్ని. కరువు ప్రాంతంలో బ్యాంకు కంటే మేకే నమ్మకం, దాన్ని ఎప్పుడైనా అమ్ముకోవచ్చు. ఆ మేకలే చిగుళ్లు మేసి, ఆర్గాన్ మొలకల్ని తొక్కేశాయి. కాయకు ధర వచ్చింది కాబట్టి రాలేదాకా ఆగకుండా కర్రలతో కొట్టి దులపడం మొదలైంది. అడవి బాగుపడిన గుర్తు కనబడలేదు. నూనెకు ధర వస్తే చెట్టు దానంతటదే బతుకుతుందన్న లెక్క సగమే నిలిచింది.

ఇంకోటి. నూనె చాలామటుకు పీపాల్లో ఐరోపాకు వెళ్లి అక్కడ సీసాల్లోకి మారుతుంది. సీసా మీద వచ్చే లాభం సీసా నింపినవాడిదే. టెంక కొట్టే ఆమెకు కిలో పప్పుకు ఇంత అని కూలి. సహకార సంఘం పేరు పెట్టుకున్న ప్రైవేటు దుకాణాలూ వెలిశాయి. ఇక ధర పెరిగాక ఆ పల్లెల్లో చాలా ఇళ్ల వంటింటి నుంచి ఆర్గాన్ తప్పుకుంది. పండించిన చోట పండగకు మాత్రమే మిగిలింది, రోజువారీ వంటకు దిగుమతి నూనె వచ్చింది.

ఇవన్నీ తెలిశాక ఇప్ప వైపు చూస్తే ఏం కనిపిస్తుంది? మనకూ సంస్థలు లేకపోలేదు. గిరిజన సహకార సంస్థ 1956లో విశాఖపట్నంలో పుట్టింది. రాష్ట్రం విడిపోయాక తెలంగాణకు వేరే సంస్థ వచ్చింది. తేనె, కుంకుడుకాయ, శీకాయ, జిగురు, ఇప్ప గింజలు సంతల్లో కొంటుంది, సబ్బులు అమ్ముతుంది. చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద హక్కు 2006 నాటి అటవీ హక్కుల చట్టంతో ఆదివాసీలకు దక్కింది. 2020 మేలో కేంద్రం సవరించిన మద్దతు ధరల జాబితాలో ఇప్ప గింజ కిలో 29 రూపాయలు. నాలుగు కిలోలు కలిపినా నూటపదహారు రూపాయల గింజలోంచి కిలో నూనె వస్తుందన్నమాట. ఆర్గాన్ చిన్న సీసా ధరలో మూడోవంతుకో, నాలుగోవంతుకో సరిపోయే డబ్బు అది, దొరికేది కిలో. బేరం బాగుందని మనం సంతోషించవచ్చు. గింజ ఏరినావిడ సంతోషించడానికి కారణమేమీ లేదు.

అడవి నుంచి నూనె తీసే ఆడవాళ్లను లోకం ఒకసారి గుర్తించింది కూడా, ఇంకో కారణంతో. జైనూరు మండలంలోని పవర్‌గూడ అనే చిన్న గూడెంలో ఆదివాసీ మహిళా సంఘాలు కానుగ గింజల నుంచి నూనె తీశాయి. డీజిల్ బదులు ఆ నూనె వాడితే గాలిలోకి వెళ్లని బొగ్గుపులుసు వాయువును లెక్కగట్టి, 147 టన్నులకుగాను 645 డాలర్లను ప్రపంచ బ్యాంకు 2003లో ఆ గూడేనికి చెల్లించింది. వ్యవసాయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ సాయంతో జరిగిన పని అది. ఆ డబ్బుతో మళ్లీ కానుగ నారు పెంచారు. చక్కటి సంగతి. కానీ అక్కడ అమ్ముడుపోయింది నూనె వల్ల మిగిలిన పొగ. నూనెను నూనెగా, పేరు పెట్టి, పరీక్ష చేసి, సీసాలో పోసి అమ్మే దారి తెరుచుకోలేదు.

ఆ దారి తెరుచుకోకపోవడానికి ప్రచారం లేకపోవడమే కారణమనేవాళ్లుంటారు. నాకలా అనిపించదు. అసలు అడ్డు వాన. ఆర్గాన్ కాయ పొడి నేల మీద ఎండాకాలంలో రాలుతుంది. టెంక ఉక్కులాంటిది కాబట్టి ఇంట్లో పోసి పెడితే ఏళ్ల తరబడి చెడదు, తీరికున్నప్పుడు కొట్టుకోవచ్చు. మన ఇప్ప కాయ సరిగ్గా తొలకరికి రాలుతుంది. తొక్క పలుచన, నేల తడి, ఎండ లేదు. తడిసిన గింజలో ఎంజైములు పనిచేయడం మొదలుపెట్టి నూనెను విడగొట్టేస్తాయి, స్వేచ్ఛా కొవ్వు ఆమ్లాలు పెరిగిపోతాయి. ఆ నూనె ముదురు రంగు తిరుగుతుంది, చేదెక్కుతుంది, కమురు వాసన వేస్తుంది. ఇక అది సబ్బుల ఫ్యాక్టరీకి తప్ప దేనికీ పనికిరాదు. మనం పట్నంలో ఇప్పనూనె వాసన అని ముక్కు మూసుకునేది చాలావరకు చెడిపోయిన గింజ వాసన. మొరాకో వాతావరణం ఉచితంగా ఇచ్చినదాన్ని మనం షెడ్డు కట్టి, ఆరబెట్టే యంత్రం పెట్టి సంపాదించుకోవాలి.

చంపాపేట్‌లోనే కట్టె గానుగ నూనెల షాపుల్లో అడిగి చూడండి. "ఇప్పనూనెనా అక్కా? దీపానికా, నొప్పులకా?" అంటాడు షాపాయన. మొహానికి, కాళ్లకు అంటే నవ్వి, "అట్లెవ్వరు అడగలే" అంటాడు. దీపానికి అమ్మేదాన్ని ఒంటికి వాడొద్దని చెప్పడం నా బాధ్యత. అందులో సెంటు, మినరల్ నూనె కలిపి ఉండొచ్చు, వడపోత కూడా ఆ పనికి తగ్గట్టే ఉంటుంది. తినడానికో ఒంటికో అని స్పష్టంగా రాసి, గింజ ఏ యేడాదిదో చెప్పగలిగినవాళ్ల దగ్గరే కొనాలి. కొన్నాక ముందు ముంజేతి లోపలివైపు కాస్త రాసి ఒక రోజు ఆగాలి. మొటిమల మొహమైతే ఇంత చిక్కటి నూనె జోలికి వెళ్లకపోవడమే నయం. నూనె గాజు సీసాలో, వెలుతురు తగలని చోట ఉంచాలి.

ఒకవేళ పట్నం నిజంగానే ఇప్పనూనెకు ఎగబడితే? ఇదే నాకు ఎక్కువ భయం. గూడేల్లో పూలు ఏరడానికి చెట్టు కింద ఆకులు కాల్చి శుభ్రం చేస్తారు, ఆ మంటలో మొలకలు పోతాయి. పూలూ గింజలూ ఊడ్చుకుపోతే కొత్త చెట్టు ఎక్కడి నుంచి వస్తుంది? తాతల నాటి ఇప్పచెట్లు పొలాల్లో నిలబడి ఉంటాయి, వాటి పక్కన పిల్లచెట్టు వెతికినా కనబడని చోట్లున్నాయి. కాబట్టి మొరాకో నుంచి సంఘాన్ని ఒక్కదాన్నే అరువు తెచ్చుకుంటే కుదరదు. కొన్న ప్రతి క్వింటాలు గింజకు ఇన్ని మొక్కలు నాటి బతికించాలని, ఇంటి వాడకానికి నూనె విడిగా తీసిపెట్టాకే మిగిలింది అమ్మాలని, సీసా నింపేది ఉట్నూరులోనే గానీ హైదరాబాద్‌లో కాదని మొదటి రోజే రాసుకోవాలి. ధర పెరిగాక రాసుకోవడం ఎవరి తరమూ కాదు.

వీటన్నిటికంటే ముందు కావలసింది మాత్రం గింజ ఆరబెట్టే షెడ్డు. అది మే నెలాఖరుకే లేవాలి. జూలైలో కట్టి ప్రారంభోత్సవం చేస్తే ఆ యేటి గింజ అప్పటికే సబ్బులకు వెళ్లిపోయి ఉంటుంది.